అక్క ఫొటోకి పోసిన ఇంకు

మా అక్కకు ఫొటో దిగడమంటే చిరాకు. పెళ్లి ఆల్బమ్ మొత్తం తిరగేసినా ఆమె కెమెరా వైపు చూసిన ఫొటో దొరకదు. ఒకచోట తల వంచుకుని ఉంటుంది, ఇంకోచోట కళ్లు మూసుకుని ఉంటుంది, మిగిలినవాటిలో ఎవరిదో ఒకరి భుజం అడ్డం. తిన్నగా మన కళ్లలోకి చూస్తున్న ఫొటో ఒక్కటే ఉంది. గ్రూప్స్ పరీక్షకు అప్లికేషన్ పెట్టడానికి నారాయణగూడలో ఒక స్టూడియోకు పోయి దిగిన పాస్‌పోర్టు సైజు కలర్ ఫొటో అది. నాలుగు కాపీల్లో మూడు అప్లికేషన్ల మీదికి పోయాయి. నాలుగోదాన్ని కూడా దేనికో పంపుదామని అటెస్టేషన్ చేయించింది గానీ, అంతలో పెళ్లి కుదిరి అది ఇంట్లోనే ఉండిపోయింది. దాని మీద ఎడమ భుజం నుంచి గడ్డం దాకా ఎవరో గెజిటెడ్ ఆఫీసర్ ఆకుపచ్చ సిరాతో చేసిన సంతకం ఉండేది.

తొంభైల చివర్లో ఒక వానాకాలం అక్కకు కామెర్లు వచ్చాయి. ముందు పసరు తాగించాం, తర్వాత ఆస్పత్రికి తీసుకుపోయాం. ఆ వరుస తప్పని డాక్టర్ చెప్పేసరికి ఆమె మమ్మల్ని గుర్తుపట్టడం మానేసింది, నాలుగు రోజులకు పోయింది. అక్క పాపకు అప్పటికి ఏడాదిన్నర. బావ చిక్కడపల్లిలో ఉండేవాడు, ఉద్యోగం మీద నెలలో సగం రోజులు జిల్లాలు తిరిగేవాడు. అందుకని పాపను అశోక్‌నగర్‌కు, మా అమ్మ దగ్గరికి తెచ్చుకున్నాం. ఆ పిల్ల వచ్చిన కొత్తలో ఎవరు తలుపు కొట్టినా గుమ్మం దాకా పరిగెత్తేది, వచ్చింది అక్క కాదని చూసి వెనక్కి వచ్చేది. కొన్ని వారాలకు పరిగెత్తడం మానేసింది. అది చూశాకే మా అమ్మకు భయం పట్టుకుంది.

"పిల్ల మర్శిపోతది," అంది అమ్మ. "ఇప్పుడు కండ్ల ముంగట ఏదన్న పెట్టకపోతే తల్లి ముఖమే ఎరుకుండదు దానికి."

అంతకుముందు పదకొండో రోజుకు పీట మీద పెట్టడానికి ఎవరి దగ్గర్నుంచో తెచ్చిన పెళ్లి ఫొటోతో సర్దుకున్నాం, అందులో అక్క కళ్లు కిందికి ఉన్నాయి. పాప కోసం మాత్రం ఆ సంతకం ఉన్న ఫొటోనే పెద్దది చేయించాలని అనుకున్నాం. స్టూడియోకు పోతే నెగెటివ్ లేదన్నారు, సంతకం తీసేయడం తమ వల్ల కాదన్నారు. అప్పుడు నేను చేస్తానన్నాను.

నేను ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని జాబ్ వర్క్ చేసేదాన్ని. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. కరీంనగర్ నుంచో పాలమూరు నుంచో వచ్చి ఒక్కో గదిలో ఆరుగురు ఉండే పిల్లలు చేతిరాత నోట్సు తెచ్చి, "అక్కా, రేపటికి జర టైప్ చేసియ్యవా" అని మెట్ల మీద కూర్చునేవారు. మధ్యలో పెళ్లి శుభలేఖలు, పుట్టినరోజు కార్డులు. మా గల్లీలో కలర్ ప్రింటర్ ఉన్న ఇల్లు మాదొక్కటే. దాని గురించి నాకు కొంచెం కాదు, బాగానే పొగరు ఉండేది. ప్రింటర్లోంచి రంగుల కాగితం బయటికి వస్తుంటే అందరూ వంగి చూసేవారు, నేను మాత్రం పెద్ద పనేం కాదన్నట్టు గోళ్లు చూసుకుంటూ కూర్చునేదాన్ని.

చిక్కడపల్లిలో తెలిసినవాళ్ల డీటీపీ సెంటర్‌లో ఫొటోను స్కాన్ చేయించి ఫ్లాపీలో తెచ్చుకున్నాను. మూడు మధ్యాహ్నాలు కూర్చుని ఆ ఆకుపచ్చ సంతకాన్ని చుక్క చుక్కగా తుడిచాను. భుజం మీద గీత తీసి చీర రంగు నింపాను, గడ్డం మీద గీత తీసి చర్మం నింపాను. ఇంతవరకూ నేను చేసింది తప్పు కాదు. నాలుగో మధ్యాహ్నం చేసిందే తప్పు.

అక్క నల్లగా ఉండేది. చామనఛాయ అని బంధువుల ముందు అనేవాళ్లం, పెళ్లిచూపుల వాళ్లతో "ఫొటోల జర డార్కు పడ్డది" అనేవాళ్లం. నేను తెల్లగా పుట్టాను. ఆ సంగతి మా మేనత్త ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి మరీ చెప్పేది. అమ్మ ఏళ్ల తరబడి అక్క ముఖానికి మీగడ, శనగపిండి పట్టించింది. అక్క దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు కనబడేది కాదు. "నా ముఖానికి రాసిన మీగడంతా తిననిచ్చి ఉంటే ఈపాటికి పహిల్వాన్ అయితుంటి" అని నవ్వేది. కానీ ఫొటో దిగేటప్పుడు మాత్రం తల వంచేది.

నాలుగో రోజు మధ్యాహ్నం మౌస్ పట్టుకుని కూర్చుంటే ఇవన్నీ గుర్తొచ్చాయి. తెర మీద ఒక మీట ఉంటుంది, దాన్ని కుడివైపు జరిపితే బొమ్మ తెల్లబడుతుంది. కొంచెం జరిపాను. బాగుందనిపించింది. ఇంకొంచెం జరిపాను. బతికున్నన్నాళ్లూ ఎవరూ ఇవ్వని రంగు నేనిస్తున్నాననుకున్నాను, అలా అనుకుంటూ ఏడ్చాను కూడా. ఎంత మూర్ఖత్వమో అప్పుడు నాకు తెలియదు.

ఇక ఇంకు సంగతి. కలర్ కార్ట్రిడ్జ్ అయిపోయినప్పుడల్లా కొత్తది కొనకుండా, సీసాల్లో అమ్మే ఇంకును మందుల షాపులో కొన్న సిరంజితో లోపలికి ఎక్కించేదాన్ని. ఎరుపు, నీలం, పసుపు, మూడు రంధ్రాలు, మూడు సిరంజీలు. శుభలేఖలకు అదే వాడేదాన్ని, బ్రహ్మాండంగా ఉండేది. ప్రింటర్ కంపెనీవాళ్ల కార్ట్రిడ్జ్ కూడా ఒకటి డబ్బా విప్పకుండా దాచుకున్నాను. అక్క ఫొటో కదా అని రెండింటితోనూ ఒక్కో ప్రింటు తీశాను.

ఆదివారం బావ వచ్చినప్పుడు రెండూ చాప మీద పక్కపక్కన పెట్టాను. కంపెనీ ఇంకు ప్రింటు నెమ్మదిగా, కాస్త మబ్బుగా ఉంది. సీసా ఇంకు ప్రింటు జిగేలుమంది. పెదాలు ఎర్రగా, బొట్టు ఇంకా ఎర్రగా, ముఖం పాల మీగడ రంగులో ఉన్నాయి. మేనత్త వెంటనే దాని మీద చెయ్యి వేసింది. "ఇంట్ల లైటేసినట్టున్నది చూడు!" అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "నా బిడ్డ ఎంత కళగున్నది" అని ఏడ్చింది.

బావ ఒక్కడే చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "జర ఎక్కువ తెల్లగైందేమో."

"పోయినంకనన్న మంచిగ కనబడనియ్యవయ్యా," అంది మేనత్త.

బట్టల షాపులో చీర ఎంచుకున్నట్టు ఆ పూట ఏది కంటికి ఇంపుగా ఉందో అది ఎంచుకున్నాం. ఏడాది తర్వాత ఎలా ఉంటుందని మాలో ఒక్కరం కూడా అడగలేదు. కంప్యూటర్లోంచి వచ్చిన బొమ్మకు చావులేదని నేను నిజంగానే నమ్మాను.

ఫొటోకు వేలెడు ఎడంగా అద్దం కట్టించి హాల్లో కిటికీకి ఎదురుగా వేలాడదీశాం. సాయంత్రం ఎండ సరిగ్గా దాని మీదే పడేది, ఆ వెలుగులో అక్క ముఖం మెరుస్తుంటే మేం మురిసిపోయేవాళ్లం. అక్క ముత్తైదువగా పోయిందని అమ్మ ప్రతి శుక్రవారం అద్దం తుడిచి, ఫొటోలో బొట్టు ఎక్కడుందో సరిగ్గా అక్కడే అద్దం మీద కుంకుమ పెట్టేది. వారం వారం పాత కుంకుమ మీదే కొత్తది పడేది, కుంకుమ చెదరకుండా చుట్టూ మాత్రమే తుడిచేది. పాపను ఎత్తుకుని చూపించి, "అమ్మ, అమ్మ" అని నేర్పించాం. నేర్చుకుంది. అన్నం తినేటప్పుడు ఒక ముద్ద ఫొటో వైపు చాపేది. నిద్రపోయే ముందు అద్దాన్ని ముద్దు పెట్టుకునేది. ఎక్కడికి బయల్దేరినా, చివరికి కిందికి కూరగాయల బండి దగ్గరికి పోయినా, "అమ్మా, పోయొస్త" అని చెప్పేది. అమ్మ భయం తీరింది. నేను గెలిచాననుకున్నాను.

సంవత్సరీకం ముందు రోజు ఫొటో కిందికి దించి శుభ్రం చేసే పని నాకు పడింది. తడిబట్టతో అద్దం మీద అట్టకట్టిన కుంకుమను రుద్ది తుడిచాను. కుంకుమ పోయింది. దాని కింద, కాగితం మీద, బొట్టు లేదు.

మొదట అద్దం మీద మసకేమో అనుకున్నాను. వెలుతురులోకి తీసుకుపోయి చూశాను. పెదాలూ లేవు, రెండు పాలిపోయిన గీతలు ఉన్నాయి. బుగ్గల్లో ఎరుపు ఎటుపోయిందో తెలియదు, ముఖం మొత్తం పసుపు పచ్చగా, కళ్ల కింద ఆకుపచ్చగా మారింది. ఆ రంగు నాకు తెలుసు. ఆస్పత్రిలో ఆఖరి నాలుగు రోజులూ అక్క ముఖం ఆ రంగులోనే ఉంది. రోజూ చూసే ముఖమే కదా, ఎవరం గమనించలేదు. ఏటవాలు ఎండ అద్దం వెనక సందులోకి దూరి బొట్టును కూడా తినేసింది, అమ్మ పెట్టిన కుంకుమ ఒక్కటే ఆ ముఖంలో ఎర్రగా ఉండేది, దాన్నే మేం బొట్టు అనుకుంటూ ఏడాది గడిపాం.

అమ్మ చూసి, "ఇంకోటి తీయ్ బిడ్డా, కంప్యూటర్ల ఉన్నది గద" అంది. తీయొచ్చు. ఐదు నిమిషాల పని. కానీ అదే ఇంకుతో అదే ముఖం మళ్లీ తీస్తే మళ్లీ ఏడాదికి మళ్లీ కామెర్లు. నా చేతులు రాలేదు.

నారాయణగూడలో మేం అద్దం కట్టించిన షాపు వెనక గదిలో ఒక పెద్దాయన కూర్చునేవాడు. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలకు సన్నటి కుంచెతో రంగులు వేయడం, చిరిగినచోట పూడ్చడం ఆయన పని. కలర్ ఫొటోలొచ్చాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. వెలిసిన ప్రింటు, అసలు పాస్‌పోర్టు ఫొటో రెండూ ఆయన ముందు పెట్టాను. ఆయన ప్రింటు మూలన తడి వేలితో రుద్దాడు. వేలికి రంగు అంటింది.

"ఇది నీళ్ల రంగు బిడ్డా. నీళ్లల్ల కరిగేది ఎండకు ఏడ నిలుస్తది? అందుల ఎర్రది ముందు పోతది." కళ్లజోడు పైకి తోసి పాస్‌పోర్టు ఫొటో చూశాడు. ప్రింటు చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు. "ముఖం నువ్వు తెల్లగ చేసినవా?"

అవునన్నాను.

"తెల్లగ చేసుడంటే ఏంది? కాయిదం మీద రంగు తక్కువ పడుడే గద. పల్చగ పడ్డది తొందరగ పోయింది. ఉన్నట్టు తీసుంటే ఇంకొన్ని దినాలు నిలుస్తుండె."

ఆయన కోపంగా అనలేదు, పని గురించి చెప్పాడంతే. కోప్పడి ఉంటే బాగుండేది.

ఏ ఇంకు నిలుస్తుందో ఎవరి మాటా నమ్మొద్దని, కిటికీనే అడగమని చెప్పాడు. ఇంటికొచ్చి మూడు కాగితం పట్టీలు ప్రింటు తీశాను. ఒకటి సీసా ఇంకు, ఒకటి కంపెనీ ఇంకు, ఒకటి నోట్సు టైపు చేయడానికి వాడే ఉత్త నల్ల ఇంకు. ఒక్కోదాన్ని సగం పాత క్యాలెండర్ అట్టతో కప్పి, కిటికీ అద్దానికి అంటించి, దసరా నుంచి ఉగాది దాకా ఎండకు వదిలేశాను. వచ్చిన కోచింగ్ పిల్లలు, "ఏందక్కా ఇవి, ప్రాక్టికల్సా?" అని ఆటపట్టించేవారు. అన్ని నెలలూ వెలిసిన ఫొటోనే గోడ మీద ఉంది. ఈసారి సరైన ఇంకు తెలిసేదాకా ముట్టనని నేను మొండికేశాను. అది కూడా నా తప్పుల్లో ఒకటే. పెద్దవాళ్లకు ఆర్నెల్లంటే ఆర్నెల్లు, రెండేళ్ల పిల్లకు అది ఎంత కాలమో నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఉగాదికి అట్టలు తీసి చూశాను. సీసా ఇంకు పట్టీలో ఎండ తగిలిన సగం దాదాపు ఖాళీ. కంపెనీ ఇంకు కొంత నయం, అయినా కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా స్పష్టంగా ఉంది. నల్ల ఇంకు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పెద్దాయన దాన్ని తడి వేలితో రుద్దాడు. ఏమీ అంటలేదు.

"ఇది పొడి రంగు, మసి లెక్క. కాయిదం ఉన్నన్ని దినాలు ఉంటది," అన్నాడు. "నల్లదాంతోని తీసుకరా. మీద రంగు నేనేస్త. నా రంగులు గూడ పొడియే. నలభై ఏండ్ల కిందట ఏసినయి ఇప్పటికీ గోడలకున్నయి."

మెరుపులేని మందపాటి కాగితం కొన్నాను. ఫ్లాపీలో మొదటి స్కాన్ ఇంకా ఉంది. సంతకం మళ్లీ చుక్క చుక్కగా తుడిచాను గానీ ఈసారి ఆ మీట జోలికి పోలేదు. ప్రింటు పట్టుకుపోతే ఆయన చిన్న గిన్నెల్లో రంగులు కలుపుతూ, తలెత్తకుండా అడిగాడు.

"ఆమె రంగేంది బిడ్డా?"

పాస్‌పోర్టు ఫొటో ఆయన ముందే ఉంది. అయినా అడిగాడు, స్టూడియో లైట్లు నిజం చెప్పవని ఆయనకు తెలుసు. నేను చామనఛాయ అనబోయి ఆగాను.

"నలుపు," అన్నాను. "ఎండల నిలబడితే మెరుస్తుండె."

ఆ మాట మా ఇంట్లో ఎవరం, ఎప్పుడూ, తిట్టుగా తప్ప అనలేదు. ఆయన తల ఊపి గోధుమరంగులో ఇంకో చుక్క నలుపు కలిపాడు. బొట్టుకు మాత్రం చిక్కటి ఎరుపు పెట్టాడు. పూర్తయ్యాక చూస్తే, అక్క. ఏదో అనబోతున్నట్టు పెదవి ఒక పక్కకు వంచి, అచ్చం అక్క. రెండేళ్ల తర్వాత ఆమెను చూసినట్టయి, ఆ షాపులోనే, నలుగురు అద్దాలు బేరమాడుతుండగా ఏడ్చేశాను.

అప్పటికి పాపను నారాయణగూడలో నర్సరీలో వేశాం. ఆ పొద్దున అమ్మ పాపకు తల దువ్వుతుంటే నేను పాత ఫొటో దించి కొత్తది పెట్టాను. ఈసారి కిటికీ ఎండ పడని గోడకు పెట్టాను. పాప సంచి తగిలించుకుని వచ్చింది. "అమ్మా, పో..." అని ఆగిపోయింది.

"చిన్నమ్మా, ఈమె ఎవరు?"

"మీ అమ్మ."

"కాదు. మా అమ్మ తెల్లగుంటది." గోడలన్నీ చూసింది. "మా అమ్మ ఏది?"

మంచం కింద చూసింది, తలుపు వెనక చూసింది. తర్వాత గొంతు చించుకుని ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ కొత్త ఫొటో ముందు నిలబడి, కూతుర్ని అలా చూస్తూనే ఉంది. ఆమె కళ్లు నిండిపోయాయి. అయినా నా వైపు తిరిగి, "పాతది తీసుకరా బిడ్డా" అంది. "ఎవరికోసం పెట్టినం మనం?"

తీసుకొచ్చాను. గోడకు పెట్టలేదు. రెండు ఫొటోలూ చాప మీద పక్కపక్కన పెట్టి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఆ రోజు బడి మాన్పించాం. రెండూ మీ అమ్మేనని చెప్పాను. ఒక దాంట్లో రంగు పోయిందని చెప్పాను. మీ అమ్మ ఈ కొత్త దాంట్లో ఉన్నట్టే ఉండేదని, పాత దాంట్లో నేనే కంప్యూటర్‌లో తెల్లగా చేశానని చెప్పాను.

ఏడుపు తగ్గింది. పాత ఫొటో మీద వేలు పెట్టింది, కొత్త ఫొటో మీద వేలు పెట్టింది. తర్వాత తన చెయ్యి చాపి కొత్త ఫొటోలోని ముఖం పక్కన ఆనించి చూసుకుంది. పాపది అక్క రంగు. పుట్టిన రోజునే మేనత్త ఆ మాట అని నిట్టూర్చింది, అక్క విని నవ్వేసింది.

"మరి నువ్వు ఎందుకు తెల్లగ చేసినవ్ చిన్నమ్మా?"

మంచిగ కనబడాలని, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చిన్న చెయ్యి ఇంకా ఆ ముఖం పక్కనే ఉంది.